తండాకు రాని కప్పు

మా గోల్‌కీపర్ సంతాప సభలో మాట్లాడిన వాళ్లందరూ అతని ఆటను పొగిడారు. కప్పు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. జనగామలో మాకు హాకీ తప్ప వేరే పని లేదు. చింతకొమ్మలను నిప్పుల మీద కాచి, వంచి కర్రలు చేసుకున్నాం. అతనిది నర్సింహులపేట దగ్గర ఒక లంబాడీ తండా. హాస్టల్ మూసేసినా ఆట కోసం ఇంటికి పోకుండా మా ఇంట్లో ఉండిపోయాడు. గోనెసంచుల్లో గడ్డి కూరి కాళ్లకు కట్టుకుని గోల్‌లో నిలబడేవాడు.

బడులు తెరిచాక జరిగిన ప్రాంతీయ జూనియర్ పోటీల్లో మేమే గెలిచాం. ఫైనల్లో చివరి పెనాల్టీని అతను ఛాతీతో ఆపాడు. చాలా రోజులు దగ్గడానికి కూడా భయపడ్డాడు.

గెలిచిన కప్పు బడి బీరువాలోకి పోయే ముందు ఒక్కో ఆటగాడి ఇంట్లో ఒక్కో రోజు ఉండటం మా దగ్గర పద్ధతి. కబడ్డీ కప్పులకూ అంతే. ఇంటి ఆడవాళ్లు దానికి పసుపు రాసి, నిండా చక్కెర పోసి, వాడకట్టంతా పంచుతారు. మా అమ్మ కూడా పంచింది. అతని ఊరు దూరం కాబట్టి వంతు చివరికి వచ్చింది. వాళ్లమ్మ తండా మొత్తానికి ముందే చెప్పుకుంది. వేరే తండాల్లో ఉన్న ఆడబిడ్డలను కూడా పిలిపించింది.

ఆ పొద్దున మేమంతా కప్పు కోసం ఆటల కమిటీ పెద్ద దగ్గరికి వెళ్లాం. ఆయన ధాన్యం వ్యాపారి. చేతులు మారేటప్పుడల్లా కప్పు ఆయన దుకాణం నుంచే వెళ్లేది.

"తండకా?" అన్నాడు. "గక్కడ తలుపుల్లేవు, తాళాల్లేవు. పోతే ఎవడు జవాబు జెప్తడు?"

"నేను జెప్త, సేట్," అన్నాడు గోల్‌కీపర్.

"నువ్వా! మీ అమ్మనే గిటు తోల్కరా. దుకాణంల కూసుండి చూసిపోతది. చాయ్ గూడ తాపిస్త."

గుమాస్తాలు నవ్వారు.

"మా యాడి ఎందుకు రావాలె? అందరిండ్లకు కప్పే పోయింది. మా అమ్మ దగ్గరికి గూడ కప్పే రావాలె."

"అబ్బో, ఒక్క గోలు ఆపంగనే గింత నోరా!"

"మేమందరం ఎంబడి పోతం సేట్, మల్ల మేమే తెచ్చిస్తం," అన్నాడు మా కెప్టెన్.

"మీ బాపుతోని చెప్పియ్యి. అప్పుడు జూద్దం."

కెప్టెన్ పరిగెత్తి వాళ్ల నాయినను తీసుకొచ్చాడు. ఆయన సేటు పక్కన కూర్చుని చాయ్ తాగాడు. "పెద్దమనిషి చెప్తుండు గద, ఇనుండ్రి," అని మాకే చెప్పి వెళ్లిపోయాడు.

దొంగల భయం అబద్ధం. ఆ సేటు ధాన్యం బస్తాలు ఆరుబయటే ఉండేవి. వాటికి కాపలా కాసేది తండాల మనుషులే. బస్తాలను నమ్మి అప్పగించిన మనిషికి, రేకు కప్పు ఒక్క పూట తండాలో ఉంటే మైల అనిపించింది. అంతే. ఇన్నేళ్లయినా దీనికి ఇంకో మాట నాకు దొరకలేదు.

నేను అతనితో తండాకు వెళ్లాను. వాకిలి అలికి, మధ్యలో పీట వేసి, దాని మీద కొత్త గుడ్డ పరిచారు. వాళ్లమ్మ మా చేతుల వైపు చూసింది. అతను వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. ఆమె పీట తీసి లోపల పెట్టింది. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టింది. కప్పేదని ఎవరూ అడగలేదు.

అతను మళ్లీ హాకీ ఆడలేదు, బడికీ రాలేదు. మానుకోటలో హమాలీ చేశాడు. తర్వాత భూపాలపల్లి వైపు బొగ్గు కోసం బోర్లు వేసే పనిలో చేరాడు. ముప్పై దాటగానే కామెర్లతో పోయాడు.

శవాన్ని తండాకు తెచ్చిన రోజు ఒక జీపు వచ్చింది. సేటు దిగాడు. వెనక ఫోటోగ్రాఫర్. సేటు చేతిలో, బడి బీరువాలోంచి తీయించి, తోమి మెరిపించిన మా కప్పు.

"అవ్వా, నీ కొడుకు గెలిచిన కప్పు. కాళ్లకాడ పెడ్తం. ఒక ఫోటో తీసుకుంటం."

ఆమె కప్పును చూడలేదు.

"వాన్ని ఎత్తే యాళ్లయింది. జరుగుండ్రి," అంది.

మోసేవాళ్లు ముందుకొచ్చారు. ఫోటోగ్రాఫర్ పక్కకు తప్పుకున్నాడు. సేటు కప్పు పట్టుకుని అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చాడు.

"గిది ఎక్కడ పెట్టాలె, తమ్మీ?"

"తెచ్చిన జీపులనే పెట్టుండ్రి," అన్నాను.