ఊరంతా మేనకోడళ్లే

నిన్న టీవీలో వార్త విన్నప్పటి నుంచి మా మనవరాలి మొహం మాడిపోయింది. ఏడాదిపాటు తోటల్లో పళ్లు కోసి సంపాదించుకుంటూ, దేశం చుట్టి రమ్మని పడుచువాళ్లకు ఆస్ట్రేలియా వాళ్లు వీసా ఇస్తారట. ఇప్పుడా నిబంధనలు బిగించాలా వద్దా అని అక్కడి ప్రభుత్వంలో వాదులాడుకుంటున్నారట. గుంటూరు బ్రాడీపేటలో వీసా ఏజెంట్ల చుట్టూ తిరిగి కాగితాలన్నీ సిద్ధం చేసుకున్న పిల్ల! ఓదార్చాల్సింది పోయి నేను నవ్వేశాను. పదిహేడేళ్లప్పుడు వినుకొండ పక్కన మా ఊళ్లో నేనూ అచ్చం ఇలాగే మూతి ముడుచుకు కూర్చున్నాను మరి.

మా మెట్ట ఊళ్లో పనులు అయిపోగానే ముఠాలు కట్టి గుంటూరు వైపు మిరప కోతలకు పోవడం ఆనవాయితీ. ఆ ఏడు పెళ్లికాని పిల్లల్ని పంపకూడదని పెద్దలు పంచాయితీ పెట్టారు. నాకేమో కోతలకంటే రైలెక్కాలని, నల్లపాడు స్టేషన్లో దిగాలని, గుంటూరు చూడాలని పిచ్చి ఆశ. నాన్న కూడా పెద్దల వైపే తలూపేసరికి రెండు రోజులు అన్నం మానేశాను. చివరికి వాళ్లు కాస్త మెత్తబడ్డారు గానీ, సొంత మనిషి వెంట ఉంటేనే అని మెలిక పెట్టారు. ముఠాలో పెద్దదిక్కైన మా మేనత్త నోటికి ఊరంతా హడలే. ఆవిడ కొంగు బిగించి, "ఏరా తమ్ముడూ, నీ కూతురు నాకు మేనకోడలు కాదంట్రా? దాని పూచీ నాది, పంపు!" అని నాన్నను అందరి ముందూ నిలదీసింది.

అంతే, తెల్లారేసరికి నా ఈడు పిల్లలు తొమ్మిది మందీ ముత్తాతల దాకా చుట్టరికాలు తవ్వి ఆవిడకు మేనకోడళ్లైపోయారు. దూదేకులవారి అమ్మాయి పుట్టిన దగ్గర్నుంచీ ఊరివరసన అత్తా అనే పిలిచేది, కాదనడానికి పెద్దలకు నోరు రాలేదు.

అబ్బ, ఏం సంతోషమనుకున్నారు! కారం చేత్తో కన్ను నులుముకుని నేను చేలో గంతులేస్తే అత్తతో సహా అందరూ పడీపడీ నవ్వారు. కోతలు ముగిశాక పది మందిమీ గుంటూరు బజార్లన్నీ కాళ్లరిగేలా తిరిగాం, ఎక్కడికే అని అడిగేవాళ్లు లేకుండా.

ఇదంతా విని మనవరాలు కూడా నవ్వింది. నవ్వి, "అక్కడ నాకెవరు పూచీ ఉంటారు అమ్మమ్మా?" అంది. మమ్మల్ని ఆపినవాళ్లు మమ్మల్ని ఎత్తుకు పెంచినవాళ్లే, వాళ్లతో దెబ్బలాడైనా గెలిచాం. దీన్ని ఆపేవాళ్లకు దీని పేరు కూడా తెలియదు. పోనీ అలగాలన్నా, ఈ పిచ్చితల్లి ఎవరి మీద అలగాలి?