బల్ల మీద వదలని పుస్తకాలు

కరోనా తగ్గి గ్రంథాలయాలు మళ్లీ తలుపులు తెరిచిన ఏడాది, జూలై మొదటి సోమవారం నాడు, ద్వారకలోని ఒక ప్రభుత్వ శాఖా గ్రంథాలయానికి ఇన్‌చార్జిగా చేరాను. అప్పటికి నా హోదా అసిస్టెంట్ లైబ్రేరియన్. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. మా ఇల్లు మయూర్ విహార్‌లో. రోజూ మెట్రోలో ఢిల్లీని అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరికి దాటాలి. సీటు దొరికిన రోజు ఒక కునుకు, దొరకని రోజు ఎవరి భుజం మీదో అర కునుకు తీసేవాణ్ణి.

నన్నే ఎందుకు పంపారో మా జోన్ అధికారిణి భాటియా మేడం ముందే చెప్పారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున్నే గేటు ముందు వరుస కడుతున్నారు, కూర్చోబెట్టడానికి చోటు లేదు. బీరువాలు తగ్గించి బల్లలు వేయాలి. ఆ శాఖలో రెండు బీరువాల నిండా తెలుగు పుస్తకాలున్నాయి. వాటి పేర్లు చదవగలిగినవాణ్ణి జోన్ మొత్తంలో నేనొక్కణ్ణే. కాబట్టి ఏరివేత అక్కణ్ణుంచే మొదలుపెట్టమన్నారు. పైకి వినయంగా తలూపాను గానీ లోపల గర్వంగానే ఉంది. కొత్తగా చేరినవాళ్లకు ఏరివేత మీద పాఠాలు చెప్పిన ఘనుణ్ణి నేను.

ఏరివేత అంటే పుస్తకాలను పారేయడం అనుకుంటారు చాలామంది. కాదు. ఎవరూ చదవని పుస్తకం, చదివే పుస్తకానికి చోటివ్వడం. దానికి మేం రెండు సాక్ష్యాలు చూస్తాం. మొదటిది ఇష్యూ రికార్డు. గత అయిదేళ్లలో ఆ పుస్తకాన్ని ఎవరైనా కార్డు మీద ఇంటికి తీసుకెళ్లారా అన్నది కంప్యూటర్ చెబుతుంది. రెండోది టేబుల్ లెక్క. ఇంటికి తీసుకెళ్లకుండా హాల్లోనే చదివేవాళ్లుంటారు కదా, వాళ్ల కోసం ఇది. చదివాక పుస్తకాన్ని బల్ల మీదే వదిలేయమని గోడ మీద బోర్డు ఉంటుంది. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం అయిదున్నరకు ఒకసారి అటెండెంటు బల్లల మీదున్న పుస్తకాలను భాషల వారీగా లెక్కపెట్టి, రిజిస్టర్లో రాసి, ఆ తర్వాతే బీరువాలో సర్దుతాడు. రెండు సాక్ష్యాలూ లేని పుస్తకం జాబితాకెక్కుతుంది.

తెలుగు పుస్తకాల సంగతి చూస్తే ఇష్యూలు సున్నా. టేబుల్ లెక్కలో తెలుగు గడుల్లో పై నుంచి కింది దాకా అడ్డగీతలే. అటెండెంటు రాజ్‌బీర్ హర్యానా మనిషి, నా ఈడువాడే, గీత గీసినా స్కేలు పెట్టి గీస్తాడు. నాకు ఆశ్చర్యం కలిగించింది మాత్రం ఆ రెండు బీరువాల తీరు. ఏ పుస్తకమూ తన వరుస తప్పలేదు, ఒక్కటీ తలకిందులుగా లేదు, దుమ్ము కూడా లేదు. ఎవరూ ముట్టుకోరు కాబట్టే ఇంత పొందిగ్గా ఉన్నాయని తీర్మానించుకున్నాను. దుమ్ము లేకపోవడానికి రాజ్‌బీర్‌ను మెచ్చుకున్నాను. ఆయన ఆ మెప్పును కాదనకుండా పుచ్చుకున్నాడు.

మూడు వారాల్లో పని తేల్చేశాను. ప్రతి పుస్తకమూ తెరిచి, మొదటి పేజీ మీద గ్రంథాలయం వేసే దాఖలా నంబరు, చివర అతికించిన గడువు తేదీల చీటీ చూసి, జాబితాలో రాసుకుంటూ పోయాను. నిఘంటువుల్లాంటివి కొన్ని ఉంచి, మిగతావి సుతిలి తాడుతో కట్టలు కట్టించి వెనక గదిలో పెట్టించాను. జాబితా శుక్రవారానికి పంపితే చాలన్నారు. నేను మంగళవారమే సంతకం చేసి పంపాను. కట్టలు తీసుకెళ్లే లారీ శనివారం వస్తుంది. పని ముందే ముగించానని ఆ రోజు మెట్రోలో నిలబడి కూడా హాయిగా కునుకు తీశాను.

బుధవారం మధ్యాహ్నం మూడు దాటాక ఒకావిడ నా బల్ల దగ్గరికొచ్చింది. కాటన్ చీర, భుజానికి పిల్లల నీళ్ల సీసా. ముందు హిందీలో మొదలుపెట్టి, నా హిందీ వినగానే తెలుగులోకి దిగింది. పేరు సుగుణ. ఊరు శ్రీకాకుళం దగ్గర. భర్త సైన్యంలో హవల్దారు, కంటోన్మెంట్ క్వార్టర్లో ఉంటారు. పిల్లలకు ఈ గ్రంథాలయం పక్క బ్లాకులో అబాకస్ క్లాసు. ఆ రెండు గంటలూ ఆమె, మరో నలుగురు తెలుగు ఆడవాళ్లు ఈ హాల్లో కూర్చుని నవలలు చదువుకుంటారట. మూడు వారాలకు పైగా పిల్లలకు క్లాసు సెలవులిస్తే రాలేదట. ఇవాళ వచ్చి చూస్తే బీరువా ఖాళీగా ఉంది.

"మూడో భాగం అగుపడ్డంలేదు సార్. రెండోది సెలవులకి ముందే అయిపోయింది. మా ఆయనకి పోస్టింగు ఆర్డరొచ్చీసింది, వచ్చే నెల పదిహేనుకి రాజస్థాన్ వెళ్లిపోవాలి. ఈలోగా చదివీకపోతే ఆ పిల్ల ఏటైందో నాకిక తెలీదు."

ఆ పిల్ల ఎవరని అడిగాను. నవల్లో కథానాయిక. మూడు భాగాల లావుపాటి నవల అది. మూడు భాగాలూ నా చేత్తోనే కట్టలోకి వెళ్లాయి. అధికార దర్పంతో ఒక ప్రశ్న వేశాను: మరి కార్డు మీద ఇంటికి తీసుకెళ్లి ఉండొచ్చు కదా? ఆమె నెమ్మదిగా చెప్పింది. ఫారం ఇస్తే కౌంటర్లో తిప్పి పంపారట. సొంత పేరు మీద ఢిల్లీ చిరునామా కావాలి, స్థానికుడెవరైనా హామీ ఇవ్వాలి. రెండు మూడేళ్లకోసారి ఊరు మారే సైనికుల భార్యలకు అవెక్కడివి? అయిదుగురిలో ఎవరికీ కార్డు లేదు.

సరే, హాల్లో చదివినవాళ్లు బోర్డు చెప్పినట్టు పుస్తకాన్ని బల్ల మీద ఎందుకు వదల్లేదన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"అలా ఎలా వదిలీస్తాం సార్? రాజ్‌బీర్ భయ్యాకి తెలుగు రాదు కదా, ఎక్కడో తిరగేసి పెట్టీస్తాడు. సగం చదివిన పుస్తకం మర్నాడు ఎతుక్కోవాలి. అందుకే ఎక్కడ తీసింది అక్కడే మేమే పెట్టీస్తాం. వారానికోసారి దుమ్ము కూడా తుడుస్తాం."

రాజ్‌బీర్ వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు.

ఆమెను వెనక గదికి తీసుకెళ్లి కట్టలు విప్పాను. మూడో భాగం దొరికింది. చేయి ఆగక పక్కనున్న పుస్తకాలు కూడా తెరిచాను. ఒకదానిలో చాక్లెట్ కాగితం, ఒకదానిలో బొట్టుబిళ్లల అట్ట, ఇంకోదానిలో క్యాలెండర్ ముక్క. మూడింట ఒక వంతు పుస్తకాల్లో ఎవరో ఒకరు ఎంతవరకు చదివారో గుర్తు పెట్టుకున్నారు. నేను ప్రతి పుస్తకమూ తెరిచాను, నిజమే. కానీ ముందు పేజీ, వెనక పేజీ చూశాను. మధ్యలో చూడలేదు. నాకు చాలా సిగ్గేసింది. పాఠాలు చెప్పిన నోటితో ఇప్పుడు పొరపాటు ఒప్పుకోవాలి కాబట్టి కొంచెం భయమూ వేసింది.

భాటియా మేడానికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. జాబితా మీద సంతకం మీదే కదా అన్నారు. చాక్లెట్ కాగితాలు ఫైల్లో పెట్టలేనన్నారు. గురు, శుక్రవారాల టేబుల్ లెక్క పంపండి, అందులో తెలుగు కనిపిస్తే లారీ ఆపి నేనే వచ్చి చూస్తాను అన్నారు.

పుస్తకాలన్నీ ఆ సాయంత్రమే తిరిగి బీరువాల్లోకెక్కించాం. సుగుణగారికి చేయాల్సింది విడమరిచి చెప్పాను: చదివి, బల్ల మీద వదిలి, వెళ్లిపోండి. అంతే, ఇంకేమీ చేయొద్దు.

గురువారం అయిదుగురూ వచ్చారు. రెండు గంటలు చదివారు. నేను జోన్ ఆఫీసు ఫోన్లో ఉండి, అయిదున్నరకు హాల్లోకి వచ్చి చూస్తే బల్లలు అద్దంలా మెరుస్తున్నాయి. పుస్తకాలన్నీ బీరువాలో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. రాజ్‌బీర్ అప్పటికే స్కేలు పెట్టి అడ్డగీత గీసేశాడు. "సాబ్, మేజ్ ఖాలీ థీ" అన్నాడు. బల్ల మీద ఏమీ లేదు, ఆయన మాత్రం ఏం రాస్తాడు? వాళ్లు చదవడం నువ్వు చూశావు కదా అన్నాను. చూసింది కాదు, బల్ల మీద ఉన్నది రాయాలని నియమం అన్నాడు. ఆ నియమం పాఠంలో చెప్పింది నేనే. సుగుణగారికి ఫోన్ చేస్తే అయ్యో అంది. అలవాటుగా లేచేటప్పుడు పెట్టేశారట, అయిదుగురిలో ఒక్కరికీ గుర్తు రాలేదట.

శుక్రవారం అయిదుగురు కాదు, పద్నాలుగు మంది వచ్చారు. నేనెవరినీ పిలవలేదు. ద్వారక తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో సుగుణగారు రెండు ముక్కలు రాసిందట. వచ్చినవాళ్లలో ఒక రిటైర్డ్ సుబేదారు, గుర్గావ్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి కూడా ఉన్నారు. ద్వారకలో తెలుగు పుస్తకాలున్నాయని ఆ అమ్మాయికి అదే మొదటిసారి తెలియడం. అందరూ పుస్తకాలు తీసుకుని కూర్చోగానే రాజ్‌బీర్ లేచి, ఎవరూ చెప్పకుండానే రెండు బీరువాలకూ తాళాలు వేసి, తాళంచెవులు జేబులో పెట్టుకున్నాడు. అయిదింటికి సుగుణగారు పుస్తకం పట్టుకుని బీరువా దాకా వెళ్లి, తాళం చూసి, నవ్వుకుంటూ వెనక్కొచ్చింది. ఎంత చెప్పినా చిందరవందరగా వదలడం మాత్రం వాళ్లవల్ల కాలేదు. అంచులు కలిపి దొంతరలు పెట్టి వెళ్లారు. రిజిస్టర్లో తెలుగు గడిలో మొదటిసారి ఒక అంకె పడింది.

శనివారం లారీ రాలేదు. సోమవారం భాటియా మేడం వచ్చారు. ఒక్క రోజు లెక్కను నమ్మే మనిషి కాదు. తెలుగు రాకపోయినా పుస్తకాలు ఒక్కొక్కటీ మధ్యలో తెరిచి, బొట్టుబిళ్లల అట్టలు చూస్తూ అరగంట గడిపారు. ఒక బీరువా ఉంచుకోండి, రెండోది ఖాళీ చేయండి అన్నారు. న్యాయమే. గేటు ముందు వరుస కట్టేవాళ్లకూ కూర్చునే హక్కుంది. ఏవి ఉంచాలో ఈసారి సుగుణగారిని, మిగతా నలుగురిని కూర్చోబెట్టుకుని తేల్చాను. నా మొదటి జాబితాతో అది సగం కూడా కలవలేదు.

కార్డు సంగతి మిగిలింది. సభ్యత్వ నియమాల పుస్తకం తెచ్చి మొదటి నుంచి చివరి దాకా చదివాను. చిరునామా, హామీదారు అన్న నియమం ఒక పేజీలో ఉంది. పేజీ తిప్పితే, సైనిక కుటుంబాలకు యూనిట్ ఇచ్చే ధ్రువపత్రం చాలునని ఇంకో నియమం ఉంది. కౌంటర్లో ఎవరూ ఆ పేజీ తిప్పలేదు. సుగుణగారికి ఊరు మారేలోగా మిగిలిన పన్నెండు రోజుల కోసం కార్డిచ్చాం. మూడో భాగం ఇంటికి తీసుకెళ్లింది. సామాన్లు కట్టేసిన రోజు, గడువుకు రెండు రోజుల ముందే తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల ఏమైందని అడిగాను. చెప్పలేదు.

"మీరే చదూకోండి సార్" అంది.

చదివాను. వెళ్తూ ఒక గంటా, వస్తూ ఒక గంటా, మెట్రోలో. మూడు భాగాలు ముగిసేదాకా కునుకు మానేశాను.

పదవీ విరమణ చేసేలోపు మరో రెండు శాఖల్లో ఏరివేత చేశాను. పుస్తకాన్ని మధ్యలో తెరిచి చూడకుండా ఏ జాబితా మీదా సంతకం పెట్టలేదు. ద్వారకకు నన్ను పంపింది తెలుగు చదవడం వచ్చినవాణ్ణని. అక్కడ మూడు వారాల పాటు నేను చదివినవి దాఖలా నంబర్లు. ఆ పని రాజ్‌బీర్ కూడా చేయగలడు, అదీ స్కేలు పెట్టి.