అప్పన్న బొమ్మ మీద తెరుచుకున్న ఫోల్డర్

ఒక మనిషికి నేను చేసిన అన్యాయం ఒకటుంది. ఏళ్లయింది. ఇప్పటికీ అతనికి తెలియదు. అతను నా బైకు వెనక ఎక్కి భుజం మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆ బరువు నాకు తెలుస్తుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కాస్త సులువు. విని ఊరుకోండి, అంతే చాలు.

అప్పట్లో నేను పలాసలో ఒక జీడిపప్పు షావుకారి కొట్లో కంప్యూటరు చూసేవాణ్ణి. బిల్లులు కొట్టడం, సరుకు వివరాలు ఎక్కించడం నా పని. ధర్మారావు అదే కొట్లో కాటా దగ్గర జీడిపిక్కల బస్తాలు తూచేవాడు. ఇద్దరిదీ ఉద్దానంలో ఒకే ఊరు. వరసకి బావ. ఒకే ఆటోలో వచ్చేవాళ్లం, ఒకే బోరు నీళ్లు తాగి పెరిగాం.

ఓ మధ్యాహ్నం షావుకారు భోజనానికి వెళ్లినప్పుడు ధర్మా లోపలికొచ్చి చొక్కా లోంచి కాగితాలు తీశాడు. రక్తపరీక్ష రిపోర్టులు. విశాఖలో డాక్టరుకు పంపాలట, స్కాన్ చెయ్యడం ఎలాగో చూపించమన్నాడు. ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా వైపు అక్షరం రాని ముసలమ్మకి కూడా క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు. ఆ అంకె పెరిగిందంటే కిడ్నీలు పాడవుతున్నట్టే. నా కళ్లు వాటంతటవే ఆ అంకె కోసం వెతికాయి. అతను కాగితం మీద అరచెయ్యి పెట్టేశాడు.

"సూడకు బావా. నాకే సూడబుద్ధెయ్యట్లేదు. అమ్మకి తెలిత్తే సచ్చిపోద్ది."

అతని అన్న ఆ జబ్బుతోనే పోయాడు. ఆ దెబ్బ నుంచి ఆ తల్లి ఇంకా పూర్తిగా తేరుకోలేదు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను, అతనే ఒక్కొక్క కాగితం పెట్టుకున్నాడు. స్కాన్ చేసినవి దాచిన ఫోల్డర్ ఎవరికీ కనబడకూడదు, తనకి మాత్రం సులువుగా దొరకాలి అన్నాడు. స్టార్ట్ మెనూలో ప్రోగ్రాముల వరసలో దానికి ఒక షార్ట్‌కట్ పెట్టాను. పెట్టాననుకున్నాను.

షావుకారికి ఒక నియమం ఉండేది. పొద్దున్న నేను ముందుగా వచ్చి కంప్యూటరు వేసి, దాని ముందు అగరొత్తి వెలిగించాలి. తెర మీద సింహాద్రి అప్పన్న బొమ్మ ఉండాలి. ఆయన వచ్చి తెరకి దండం పెట్టుకున్నాకే ఏ ఫైలైనా తెరవాలి. అంతవరకు అప్పన్న మీద ఇంకేదీ పడకూడదు.

మర్నాడు కంప్యూటరు వేశాను. అప్పన్న వచ్చాడు. ఆ వెనకే, నేను మౌస్ ముట్టకుండానే, ధర్మా ఫోల్డర్ తెరుచుకుంది, అంకెలు చదవగలిగేంత బొమ్మలుగా రిపోర్టులన్నీ పరుచుకున్నాయి. గభాలున మూసేశాను. సాయంత్రం ఆపి మళ్లీ వేశాను. మళ్లీ తెరుచుకుంది. ఎందుకు? వైరస్ అనుకుని యాంటీవైరస్ నడిపించాను, ఏమీ దొరకలేదు. భయం కంటే ఆసక్తే ఎక్కువగా ఉంది, నిజం చెప్పాలంటే. ఎవరో లోపల కూర్చుని రోజూ ఒకే తలుపు తీస్తున్నట్టుంది, ఎవరది? చివరికి దొరికింది. ఎవరో కాదు, నేనే. ప్రోగ్రాముల్లో పెట్టబోయి ఆ పక్కనే ఉన్న స్టార్టప్ అనే దాంట్లో పడేశాను. అందులో ఏది పడితే అది కంప్యూటరు లేవగానే తెరుచుకుంటుంది. తీసెయ్యడం క్షణం పని.

తీయలేదు.

ఇక్కడే ఆగిపోతుంటాను ఎప్పుడూ. ఎందుకు తీయలేదు? ఆ రోజుల్లో సాయంత్రమయ్యేసరికి నా కాళ్లు కూడా, ఆ జబ్బు వాళ్లకి లాగే, కాస్త ఉబ్బినట్టుండేవి. ఉబ్బేవో, అలా అనిపించేదో. పరీక్షకి వెళ్లాలంటే నాకు వణుకు. ఆ జబ్బు నీళ్లవల్లే అంటారు; ధర్మా వయసే నాది, ధర్మా తాగిన నీళ్లే నావి, అతని అంకె చూస్తే నా సంగతి కొంత తెలుస్తుందనుకున్నాను. కానీ అతను చెయ్యి అడ్డం పెట్టిన కాగితాన్ని నేను తెరిస్తే అది దొంగతనం. దానంతటదే తెరుచుకుంటే? కళ్ల ముందు పడ్డదాన్ని చూడడం తప్పా? ఇలా నాకు నేనే నచ్చజెప్పుకుని, రోజూ ధర్మా కంటే ముందు ఆటోలో పెందలాడే వచ్చి, తెర వెలిగేదాకా కాచుకుని, చూసి, షావుకారు వచ్చేలోపు మూసేసేవాణ్ణి. కొత్త పరీక్ష చేయించినప్పుడల్లా ధర్మా కొత్త కాగితం చేర్చేవాడు. అంకె పెరుగుతోంది. అతనికంటే నేనే ఎక్కువసార్లు చూసి ఉంటాను.

ఒక రోజు నేనెక్కిన ఆటో దారిలో చెడిపోయింది. ధర్మా ఆ రోజు లోడు దింపాలని ముందే వెళ్లిపోయాడు. నేను కొట్టు చేరేసరికి అగరొత్తి వాసన వస్తోంది. షావుకారే కంప్యూటరు వేసుకున్నారు. అప్పన్న మీద ఫోల్డర్ పరుచుకుని ఉంది, దాంట్లో ఒక రిపోర్టు పెద్దది చేసి చూస్తున్నారు. పేరు కనబడుతోంది. ధర్మా కాటా దగ్గర కదలకుండా నిలబడ్డాడు.

"ఇదేటిరా, దీనికదే తెరుసుకుంది?" అని నన్నడిగారు.

"వైరస్ అండి," అన్నాను. తడుముకోకుండా అన్నాను.

షావుకారు చెడ్డవారు కాదు. చెడ్డవారైతే నాకు బాగుండేది, తప్పు ఆయన మీదికి తోసేసేవాణ్ణి. బరువులెత్తొద్దు, ఇంటికెళ్లి వైద్యం చూసుకో అని ధర్మాని మెల్లగా పంపేశారు. ఆ తర్వాత మంచికే అనుకుని వాళ్లింటికి ఫోన్ చేశారు. ఎత్తింది వాళ్లమ్మ.

నేనూ ధర్మా వాళ్లింటికి వెళ్లేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. ఏడవలేదు. "అల్లుడూ, నీకూ తెల్దేటి?" అని నన్నడిగింది. లేదత్తా అన్నాను. ఆ రాత్రి నుంచి ఆమె చాలా రోజులు మాట్లాడలేదు. ధర్మా నన్ను వీధిదాకా సాగనంపి, నా మొహం చూసి తనే ఓదార్చాడు.

"వైరస్‌ని నువ్వేటి సేత్తావు బావా? ఒగ్గీ, బెంగెట్టుకోకు."

మర్నాడు షార్ట్‌కట్ తీసేశాను. నేను వైరస్‌ని పట్టుకుని తీసేశానని షావుకారు పదిమందికి చెప్పి మెచ్చుకున్నారు. కొన్నాళ్లకి నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాకేమీ లేదు. ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీదే నవ్వుకున్నాను. అదీ చెప్పాలి కదా.

ఇప్పుడతన్ని డయాలసిస్‌కి నేనే తీసుకెళ్తాను. తిరిగొచ్చాక వాళ్లమ్మ నాకో కొబ్బరిబొండం కొట్టిస్తుంది. ఆ జబ్బుకి కొబ్బరినీళ్లు పడవు, అతను తాగకూడదు, పక్కన కూర్చుని నేను తాగుతుంటే చూస్తాడు. సొంత తమ్ముడు కూడా ఇంత చెయ్యడని ఆమె అందరితో అంటుంది. నేను చేస్తున్నది ప్రేమా, బాకీ తీర్చుకోవడమా? రెండూనేమో. తేల్చుకోలేకపోయాను.

అతనికి ఎందుకు చెప్పనని అడుగుతారు. కోప్పడతాడని కాదు. పోన్లే బావా అంటాడు, నాకు తెలుసు. ఆ మాట నేను వినలేను. మీరూ అనకండి. వైరస్ లేదు. తీయగలిగీ తీయకుండా ఉంచింది నేను. ఇంతవరకు ఈ మాట పైకి అనలేదు, ఇప్పుడు అన్నాను. కాస్త ఊపిరాడుతోంది. రేపు పొద్దున్న మళ్లీ అతన్ని తీసుకెళ్లాలి.