మొదటి భార్య వీపు

వీధిలో అందరూ ఆమెను కర్టెన్లక్క అంటారు. తలుపులకూ కిటికీలకూ తెరలు కుట్టడం ఆమె పని. బట్టల దుకాణం వెనక ఇరుకు గది, పాత కుట్టుమిషను, గోడ పొడుగునా గుడ్డ తానులు, పెళ్లయిన దగ్గర్నుంచీ అదే ఆమె లోకం. సినిమాలంటే మోజు లేదు. హాల్లో దీపాలార్పితే చాలు, కునుకు పడుతుంది. అందుకే చాలా సినిమాల మొదలు తెలుసు గానీ చివర తెలియదు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఒకరోజు డైరెక్టరు వచ్చాడు. నిన్నమొన్నటిదాకా పెళ్లి వీడియోలు తీసినవాడు. ఎప్పుడో చదివిన పాత నవల ఒకటి అతని బుర్రలో తిష్ట వేసింది. కొండమీద భవంతి, అందులో ముక్తసరిగా మాట్లాడే దొర, చచ్చిపోయినా ఇల్లు వదలని అతని మొదటి భార్య, ఏమీ తెలియక కాపురానికొచ్చిన రెండో భార్య. ఇదీ కథ. అతనికి కొండ దొరకలేదు, భవంతీ దొరకలేదు. మూతపడ్డ ప్రింటింగు ప్రెస్సు మేడ ఒకటి, అదీ పగటిపూట మాత్రమే దొరికింది. కథేమో అంతా రాత్రిళ్లు.

“అక్కా, పట్టపగలు నాకు చీకటి కావాలి,” అన్నాడు.

“నల్లగుడ్డ ఒక్కటే చాలదు బాబూ, అస్తరు కూడా వేయాలి,” అంది ఆమె.

తెరలు కట్టడానికి వెళ్లి అక్కడి వ్యవహారం చూసి నోరు తెరిచింది. బట్టల బీరువాను పడుకోబెట్టి శవపేటిక అన్నారు. దాని పిడి కనబడకుండా మీద పూలదండ పడేశారు. తడి గోనెలకు పొగ పెట్టి, అట్టలతో విసిరి, అది మంచు అన్నారు. ఆ మంచుకు బతికున్నవాళ్లూ చచ్చినవాళ్లూ కలిసి దగ్గారు.

మొదటి భార్య వేషం వేయాల్సినావిడ టీవీ సీరియల్లో అవకాశం రాగానే చెప్పాపెట్టకుండా మానేసింది. డైరెక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ సమయానికి కర్టెన్లక్క కిటికీ దగ్గర స్టూలెక్కి తెరకు కొక్కేలు తగిలిస్తోంది. జుట్టు ముడి వీడి వీపంతా పరుచుకుంది.

“అక్కా, కదలకు. అలాగే ఉండు,” అన్నాడు డైరెక్టరు వెనకనుంచి.

వీపు మీద తేలు పాకుతోందేమోనని ఆమె బిగుసుకుపోయింది. ఎంతసేపటికీ ఎవరూ దులపకపోయేసరికి మెల్లగా అడిగింది, “పోయిందా?”

తేలు లేదు. డైరెక్టరుకు దయ్యం దొరికింది. మొహం చూపించక్కర్లేదు, తెల్ల గౌను వేసుకుని అటు తిరిగి నిలబడితే చాలన్నాడు. నిలబడటమే కదా అని ఆమె సరేనంది.

చిక్కంతా ఆ నిలబడటంలోనే వచ్చింది. “ఈవిడ కోపంగా నిలబడాలా, దిగులుగానా?” అని అడిగింది ఆమె.

“ప్రేమక్కా. మొగుడి మీద ప్రేమ చావక తిరిగొచ్చింది,” అన్నాడు డైరెక్టరు.

దొర వేషం వేసే ఇన్సూరెన్సు ఏజెంటు ఆమెను పక్కకు పిలిచాడు. “ప్రేమా పాడా? ఆమెను నేనే చంపాను. డైరెక్టరుకు చెప్పకండి, నేను మటుకు అలా అనుకునే నటిస్తున్నా.”

కెమెరామన్ ఇంకో మాట చెప్పాడు. అసలు దయ్యమే లేదట, అంతా కొత్త పెళ్లాం భ్రమట. సాయంత్రానికి డైరెక్టరే మాట మార్చి, ప్రేమ కాదు, పగ అన్నాడు. లేనిదానికి పగేమిటో, చంపినవాడి మీద ప్రేమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర మొగుణ్ణి అడిగింది. ఆయన నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు.

“ఏమండీ, నేను పోయాక మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటే...”

“నాకెవరిస్తారు?”

“ఇచ్చారనుకోండి. నేను దయ్యమై వచ్చి కిటికీ దగ్గర నిలబడితే, కోపంగా ఉంటానా, దిగులుగా ఉంటానా?”

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా చాలాసేపు ఆలోచించాడు. “బతికుండగానే తెలియట్లేదు. చచ్చాక నాకేం తెలుస్తుంది?”

మర్నాడు పనికి పోతూ గుమ్మంలో ఆగి, “నేను చేసుకోనులే,” అన్నాడు. తను అడిగిందొకటి, ఆయన చెప్పిందొకటి. సంతోషించాలో, మళ్లీ అడగాలో తోచక ఆమె తలూపింది.

దయ్యాన్ని కొత్త భార్య మొదటిసారి చూసే సీను ఆ రోజే. కొత్త భార్య వేషం వేసే అమ్మాయికి ఒళ్లు కాలిపోతోంది. అయినా చెప్పకుండా వచ్చింది. మానేసిన నటి కొలతలకు కుట్టిన పొడుగాటి గౌనే ఆ పిల్లకు వేశారు. కర్టెన్లక్కే దాని అంచు మడిచి పిన్నులు పెట్టింది.

కెమెరా తిరిగింది. కర్టెన్లక్క కిటికీకేసి తిరిగి, ప్రేమగానో పగగానో, చేతనైనట్టు నిలబడింది. నల్లతెర ముందున్న కిటికీ అద్దంలో వెనక గదంతా కనబడుతోంది. అమ్మాయి కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది, దయ్యాన్ని చూసింది, చెప్పినట్టే కొవ్వొత్తి నేల మీద జారవిడిచింది. అది ఆరలేదు. అంతలో గౌను అంచు పిన్ను ఊడి, గుడ్డ మంట పక్కకే జారింది. అమ్మాయి చూసుకోలేదు. కెమెరా పైకుంది గనక కెమెరామనూ డైరెక్టరూ చూడలేదు.

కర్టెన్లక్క ఇటు తిరిగింది. గబగబా వచ్చి పాదంతో కొవ్వొత్తిని పక్కకు నెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, అంచు మడిచి, తన గౌను చేతి మడతలోంచి పిన్ను తీసి గుచ్చింది. అమ్మాయి వణుకుతూ కిందికి చూసింది. కళ్లలోంచి నీళ్లు కారాయి. అప్పుడు గుర్తొచ్చి కర్టెన్లక్క లేచి మళ్లీ కిటికీకేసి తిరిగి నిలబడింది.

ఎవరూ కట్ చెప్పలేదు.

“తప్పయిపోయింది బాబూ, మళ్లీ తీయండి,” అంది ఆమె.

“ఇది నవల్లో లేదే,” అన్నాడు డైరెక్టరు, తనలో తను. మళ్లీ తీద్దామంటే అమ్మాయి అక్కడే కూలబడింది. జ్వరం తగ్గేసరికి మేడ ఖాళీ చేయాల్సొచ్చింది. ఉన్నదే ఉంచేశారు.

సినిమా ఒక చిన్న హాల్లో వేశారు. శవపేటికను చూసి బీరువా బీరువా అని జనం నవ్వారు. దొర దగ్గితే వాళ్లూ దగ్గారు. కర్టెన్లక్కకు జీవితంలో మొదటిసారి హాల్లో నిద్ర రాలేదు. తర్వాత ఆ సీనొచ్చింది. దయ్యం ఇటు తిరగ్గానే నవ్వు ఠక్కున ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో “కాల్చేస్తుంది చూడు” అన్నారు. పిన్ను పెట్టి లేచేసరికి హాలంతా నిశ్శబ్దం.

బయట జనం ఆమెను చుట్టుముట్టారు. శవానికి చుట్టే గుడ్డకు కొలత తీసుకుందన్నాడొకడు. కాదు, తన పెళ్లి గౌను సవతికి సరిచేసి దీవించిందన్నాడు ఇంకొకడు. “చచ్చాక కూడా ఆడదానితో చాకిరీ చేయించాలా?” అని ఒకావిడ డైరెక్టరును నిలదీసింది.

“పిన్ను ఊడిందండీ,” అంది కర్టెన్లక్క. ఆమె అణకువకు అందరూ మెచ్చుకున్నారు.

ఇంటికి వస్తూ సగం దారిలో మొగుడు ఆగాడు. తర్వాత అన్నాడు: “వీపు చూసినంతసేపూ నువ్వేనని తెలుసు. ఇటు తిరిగాక ఎవరో అనిపించింది.”

“ఎవరనిపించింది?”

“తెలిస్తే భయమెందుకేస్తుంది?”

కొన్నాళ్లకు ఆ అమ్మాయి కొత్తింటికి తెరలు కుట్టించుకోవడానికి వచ్చింది. టీ తాగుతూ అంది, “ఆ రోజు మీరన్న మాట సినిమాలో ఎందుకు తీసేశారు పిన్నీ? సంగీతం పెట్టి కప్పేశారు.”

“నేనేమన్నాను?”

“‘భయపడకమ్మా, ఇల్లు మెల్లగా అలవాటవుతుంది’ అన్నారు కదా. అందుకేగా నాకు ఏడుపొచ్చింది.”

కర్టెన్లక్క డైరెక్టరుకు ఫోన్ చేసి అడిగింది. అలాంటి మాట తను రాయలేదన్నాడు అతను. ఆమె ఎంత తలచుకున్నా అన్నట్టు గుర్తు రాలేదు. తను కాపురానికొచ్చిన రోజు తనతో ఆ మాట ఎవరూ అనలేదని మాత్రం బాగా గుర్తుంది.

“జ్వరంలో నీకలా వినబడిందేమోనమ్మా,” అంది.

“ఏమో పిన్నీ,” అంది అమ్మాయి, టీ గ్లాసు పక్కన పెట్టి.

కర్టెన్లక్క టేపు మెడలో వేసుకుని లేచింది, మీ ఇంటికొచ్చి కిటికీలెన్నో చూడాలి గదా అంటూ.