ఒక్క 'తుమ్' తెచ్చిన తంటా

తడి సిమెంటు వాసన తగిలితే చాలు, ఢిల్లీ ద్వారకలో మా ఎదురు ఫ్లాటులో ఉండే రాజ్యం ఆంటీ గుర్తొస్తుంది. వెంటనే ఒళ్ళు మంట కూడా. ఆవిడది విజయనగరం. భర్త సైన్యంలో పనిచేసి రిటైరయ్యాడు. ఊరూరా క్వార్టర్లు మారీ మారీ, మనుషులతో ఎలా నెగ్గుకురావాలో నేర్చుకుంది. నాకేమో నియమాలు తెలుసు.

తుంటి విరిగి అమ్మ చక్రాల కుర్చీలో ఉన్న రోజులవి. లిఫ్టు కిందికి దింపేది కానీ, బయటికి వెళ్ళాలంటే మళ్ళీ మెట్లు. ర్యాంపు కట్టాలి. అది కింది ఫ్లాటు చోప్రా అంకుల్ కిటికీ ముందు నుంచే పోవాలి. ఆయన ఒప్పుకోలేదు. చలికాలం వచ్చేసింది. ఎండ మొహం చూడక అమ్మ మాట్లాడడమే తగ్గించేసింది. సొసైటీ నియమాలన్నీ చూపించాను. ఆయన "దేఖేంగే", అంటే చూద్దాంలే, అని తలుపేసుకున్నాడు.

"గింత చెప్పినా వినడేంది ఆంటీ? ఆయనకు మనసే లేదా?" అన్నాను.

"మనసుంది కాబట్టే కదమ్మా ఈ గొడవంతా. నువ్వాయన్ని 'తుమ్' అన్నావట."

అన్నాను. కరీంనగర్‌లో పెరిగి హైదరాబాదులో హిందీ నేర్చిన నోరు నాది. అక్కడ పెద్దవాళ్ళనూ తుమ్ అంటాం, ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఢిల్లీలో అది 'నువ్వు' అట! గోరంత మాటను కొండంత చేసి మా అమ్మను నాలుగు గోడల మధ్య కూర్చోబెడతారా?

"ఆయన కోపం ర్యాంపు మీద కాదమ్మా, నీ మీద. కోపంలో ఉన్న మనిషికి రూలు చూపిస్తే ఆ రూలు మీద కూడా కోపమొస్తాది. ఆయన ఇంజినీరుగా చేశాడు కదా, వాలు ఎంతుండాలో 'ఆప్' అంటూ, మీరే చెప్పండని అడుగు."

పళ్ళు బిగబట్టుకుని వెళ్ళి అడిగాను. "ఆప్ బతాయియే, అంకుల్‌జీ." అంతే, ఆయన మొహం విప్పారింది. "ఆవో బేటీ" అంటూ టేపు తీసుకొచ్చాడు. ఇక చూడాలి ఆయన హడావిడి! మేస్త్రీని తిట్టాడు, వేసిన సిమెంటు పగలగొట్టించాడు, అమ్మ కుర్చీని తానే తోసి చూశాడు. ఆ ర్యాంపు తన ఆలోచనేనని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు. అమ్మ మాత్రం ఎండలో కమలాలు ఒలుచుకు తింటూ, ఆయన హిందీకి తెలుగులో జవాబులిస్తూ కూర్చునేది.

ఆంటీ వాళ్ళు తర్వాత విజయనగరం వెళ్ళిపోయారు. ఆఫీసులో ఎవరైనా మొరాయిస్తే ఇప్పుడు నేను ముందుగా నియమం తియ్యను. ఏ మాట ఎక్కడ గుచ్చుకుందా అని వెతుకుతాను. నేనే ఎందుకు వెతకాలని ప్రతిసారీ చిర్రెత్తుకొస్తుంది. అయినా వెతుకుతాను. న్యాయమంతా నా పక్కనున్నన్నాళ్ళూ అమ్మకు ఎండ దొరకలేదు మరి.