మెర్సీ నేర్చుకున్న విడుపు

మెర్సీ సాధించిన మొదటి గెలుపు ఇది: రెండు వేల పదకొండు అక్టోబరు పంతొమ్మిది, బుధవారం పొద్దున, పంతొమ్మిదేళ్ల స్రవంతి క్లినిక్‌లో పరీక్ష బల్ల మీద మెలకువగా పడుకుని, ఎవరూ కాళ్లు పట్టుకోకుండా, డాక్టరమ్మతో తన నోటితో తానే "ఇప్పుడు చూడండి మేడం" అన్నది. పట్టింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల వెనక ఆరు వారాల నడక ఉంది, ఒక పెద్ద పొరపాటు ఉంది, రోడ్డు మీద పూల చుట్టూ తిరిగిన ఒక సాయంత్రం ఉంది.

అంతకు ముందు మెర్సీకి గెలుపులు లేవని కాదు. పదో తరగతిలో ఆరు వందలకు ఐదు వందల పదకొండు. ఆదివారం బడిలో వాక్యాలు కంఠస్థం చెప్పే పోటీలో వరుసగా ఏడేళ్లు మొదటి బహుమతి. ఆ ఏడు స్టీలు గ్లాసుల్లోనే తల్లి సారమ్మ ఇప్పటికీ చుట్టాలకు చాయ పోస్తుంది. బోరబండ స్టేషను వెనక గల్లీలో ఫిజియోథెరపీ డిగ్రీ తెచ్చుకున్న మొదటి మనిషి. సారమ్మ గుంటూరు పక్క నుంచి వచ్చి పాతికేళ్లు దవాఖానలో ఆయాగా చేసి చదివించిన చదువు అది. అయితే ఇవన్నీ పుస్తకంలో ఉన్నది పొల్లు పోకుండా అప్పజెప్పి గెలిచినవి. పుస్తకం మూసి గెలిచింది మాత్రం స్రవంతి దగ్గరే.

కొండాపూర్‌లో ఒక రెండంతస్తుల క్లినిక్. కింద డాక్టర్ బాలాత్రిపురసుందరి ఆడవాళ్లను చూసేది. పైన మెర్సీ గది. అక్కడికి రోజూ వచ్చేవాళ్లు కంప్యూటర్ల ముందు మెడలు పట్టేసిన పిల్లలు. సెప్టెంబరు మొదటి సోమవారం డాక్టరమ్మ ఆమెను కిందికి పిలిపించింది. కుర్చీ అంచున ముడుచుకుని ఒక అమ్మాయి, పక్కన హౌస్‌కీపింగ్ నీలం చీరలో తల్లి సాయమ్మ. అమ్మాయికి ఏడాదిగా పొత్తికడుపు నొప్పి. స్కానింగులో ఏదో నీడ కనబడింది, లోపల చూస్తే గానీ తేలదు. చూద్దామంటే ఒళ్లు రాయి అయిపోతుంది. ఒక దవాఖానలో కసిరారు. ఇంకో చోట ఇద్దరు కాళ్లు గట్టిగా పట్టుకున్నారు, అప్పటినుంచి మరీ ఎక్కువైంది.

"ఏందమ్మా, నా బిడ్డకు గాలి సోకిందా?" అంది సాయమ్మ.

"గాలీ లేదు, దయ్యమూ లేదండి. దీన్ని వెజైనిస్మస్ అంటారు. యోని చుట్టూ ఉన్న కండరం మనిషి చెప్పకుండానే బిగుసుకుపోతుంది. కంటి దగ్గరికి వేలు తెస్తే రెప్ప పడుతుంది చూడండి, అలాగ. రెప్పను తిడితే తెరుచుకుంటుందా అండీ?" డాక్టరమ్మ మెర్సీ వైపు తిరిగింది. "నడుము కింద గిన్నెలాగా ఉండే ఆ కండరాలకు నువ్వు పని చెప్పాలమ్మా. ఆరు వారాలు చూద్దాం. అప్పటికీ కుదరకపోతే మత్తు ఇచ్చి చూడక తప్పదు."

అప్పటిదాకా తలెత్తని స్రవంతి తలెత్తింది. "మత్తు వద్దు మేడం. నాకు తెల్వకుండ నన్ను ఎవ్వలు ముట్టద్దు."

ఆ మాట మెర్సీ గుండెలో దిగబడిపోయింది. పొద్దున బస్సులో, మధ్యాహ్నం అన్నం ముందర, అదే మాట. ఆరు వారాల్లో ఈ పిల్ల మెలకువగా, తన ఇష్టంతో ఆ బల్ల ఎక్కాలి. లేకపోతే తన ఒంటి మీద తనకున్న ఆ కాస్త హక్కూ పోతుంది.

పుస్తకం తీసింది. కాలేజీలో ఆ కండరాల గురించి నేర్పింది ఒక్కటే: కాన్పయిన ఆడవాళ్లు వదులైనదాన్ని బిగించుకోవడం. అదే అప్పజెప్పింది. "లోపలికి బిగపట్టి పది లెక్కపెట్టాలి, వదలాలి. రోజుకు మూడుసార్లు."

స్రవంతి డిగ్రీ రెండో సంవత్సరంలో క్లాసు ఫస్టు. మూడుసార్లు చెప్తే ముప్పైసార్లు చేసింది. రెండు వారాలకు నొప్పి తగ్గకపోగా కూర్చోవడమే కష్టమైంది. ఇంకా గట్టిగా చెయ్యమంది మెర్సీ.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చిపడింది. బస్సులు లేవు, రైళ్ల మీద నమ్మకం లేదు. మెర్సీ తెల్లవారుతూనే బోరబండ నుంచి నడక మొదలుపెట్టేది. జనం లేని హైటెక్ సిటీ రోడ్డు ఆ వేళప్పుడు ఎవరో కంటున్న కలలాగా ఉండేది. అద్దాల మేడల్లో మబ్బులు ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి మెల్లగా దాటుకుంటూ పోయేవి. మేడలే ఊపిరి తీసి వదులుతున్నట్టు తోచేది. ఆమె పాదాల చప్పుడు ఆమెకే ఎక్కడో దూరంగా వినిపించేది.

ఒకరోజు ఆ నడకలో సాయమ్మ కలిసింది. వాళ్లుండేదీ బోరబండలోనే, ఆమె డ్యూటీ కూడా అటువైపే.

"స్రవంతి కసరత్తు చేస్తుందా అత్తమ్మా?"

"చేస్తలేదా? చిన్నప్పటి సంది చేస్తనే ఉంది గద!" సాయమ్మ నవ్వింది. "మా మెదక్ ఊర్ల బడికి బాత్రూం లేకుండె. చుట్టు మొగపోరలు. పొద్దుగాల ఎనిమిదింటికి పోతే అయిదింటికి ఇంటికొచ్చుడు. 'గుంజిపట్టు బిడ్డా, ఇంటికొచ్చినంక పో' అని నేనే నేర్పిన. నీళ్లు గుడ తాగకపోతుండె పిల్ల. పదేండ్లు గట్లనే. నువ్వు చెప్పేది గదే గద?"

మెర్సీ కాళ్లు ఆగిపోయాయి.

సాయమ్మ ఎదురుగా ఉన్న మేడ వైపు చెయ్యి చూపింది. "ఇప్పుడు గా బిల్డింగుల నలభై బాత్రూములు కడుగుతున్న. నా బిడ్డ బడిల ఒక్కటి లేకపాయె."

ఆ పూట మెర్సీ క్లినిక్ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. పదేళ్లు పిడికిలి మూసి ఉంచిన చేతికి తాను ఇంకా గట్టిగా మూయమని చెప్పింది! ఆ కండరానికి బలం తక్కువ కాదు. దానికి వచ్చింది ఒక్కటే విద్య, పట్టుకోవడం. వదలడం ఎవరూ నేర్పలేదు. స్రవంతి రాగానే మెర్సీ ఎదురుగా కూర్చుంది.

"తప్పు నాది స్రవంతీ. నీకు ఉల్టా చెప్పిన. నీ నొప్పి పెంచింది నేనే. ఇయ్యాల్టి నుంచి బిగబట్టుడు బంద్."

స్రవంతి అడిగింది: "డాక్టర్లు గిట్ల తప్పు ఒప్పుకుంటరా మేడం?"

"నేను డాక్టర్ను కాదు గదా, అందుకే ఒప్పుకున్న."

ఆ పిల్ల ఆ గదిలో నవ్వడం అదే మొదలు. కానీ వదలడం ఎలా నేర్పాలి? "వదులు" అంటే ఇంకా బిగిసేది. కళ్లు మూయమంటే దవడ బిగబట్టేది. ఊపిరి తీసి అక్కడే ఆపేసేది. నాలుగు వారాలే మిగిలాయి.

బతుకమ్మ రోజులు వచ్చాయి. ఆ ఏడు ఆడవాళ్లు సమ్మె కోసం బతుకమ్మలను నడిరోడ్డు మీదికి తెచ్చారు. ఓ సాయంత్రం మెర్సీ ఇంటికి నడుస్తుంటే బోరబండ చౌరస్తాలో గునుగు, తంగేడు, బంతిపూల గోపురాలు. చుట్టూ మూడు వరుసల ఆడవాళ్లు. మసక వెలుతురులో ఆ వలయం నీళ్లలో సుడిలాగా మెల్లగా తిరుగుతోంది. ఆ సుడిలో స్రవంతి కనబడింది.

మెర్సీ నిలబడి చూసింది. ముందావిడ పాట ఎత్తుకుంటే స్రవంతి మిగతావాళ్లతో కలిసి అందుకుంటోంది. చరణం ముగిసేదాకా ఊపిరి వదులుతూనే ఉంది. ఒంగి చప్పట్లు, లేచి అడుగు, మళ్లీ ఒంగి చప్పట్లు. దవడ వదులు. భుజాలు వదులు. నడుము కొమ్మలాగా ఊగుతోంది. వారాల తరబడి తాను వెతుకుతున్న మనిషి ఇక్కడ, నడిరోడ్డు మీద, వందమందిలో ఉంది.

"గట్ల దూరం నిలవడ్డవేంది? రా!" సాయమ్మ చెయ్యి గుంజింది.

"మేము చర్చికి పోతం గదా అత్తమ్మా. మా అమ్మ చూస్తే చంపుతది."

"మీ అమ్మ ఆంధ్ర, నువ్వు మా బోరబండ పిల్లవు. జర రెండు చుట్లు తిరుగు, దేవుడు ఏమనడు."

మెర్సీ రెండు చుట్లు తిరిగింది. మొక్కడానికి కాదు, పాట తనను ఎక్కడ వదులు చేస్తుందో లోపల గమనించుకోవడానికి. ఊపిరి చివరికంటా పోయినప్పుడు నడుము కింది గిన్నె దానంతటదే మెత్తగా కిందికి జారింది. ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో ఆ పేజీ లేదు.

మర్నాటి నుంచి మెర్సీ గదిలో పాట వినిపించింది. కింద నుంచి డాక్టరమ్మ ఫోను చేసి, "పైన ఏం జరుగుతోందమ్మా, పాట కచేరీనా?" అంది. స్రవంతి గొంతుక్కూర్చుని చరణం చివరిదాకా ఊపిరి వదిలేది. పక్కకు పడుకుని పాడేది. తర్వాత పాట గొంతులో ఆగి, ఊపిరి ఒక్కటే మిగిలేది. ఆ పైన కింది గదికి వెళ్లి ఖాళీ బల్ల చూసి వచ్చారు. ఇంకోనాడు బల్ల మీద బట్టలతోనే పడుకుని లేచింది. మరోనాడు డాక్టరమ్మ పక్కన ఊరికే నిలబడింది. ఏ మెట్టు ఎప్పుడన్నది స్రవంతి చెప్పాలి. చెయ్యి ఎత్తితే ఎక్కడిదక్కడ ఆగిపోవాలి, ఎందుకని అడగకూడదు. రెండుసార్లు ఎత్తింది. రెండుసార్లూ ఆగారు. ఆగుతారని తెలిశాక ఎత్తాల్సిన పని తగ్గింది.

ఆ రోజుల్లో మెర్సీకి ఒకే కల వచ్చేది. ఒక చిన్న పిడికిలి నీళ్ల మీద తేలుతూ వచ్చి, ఎవరూ తాకకుండానే తంగేడు పూవులాగా విచ్చుకునేది.

అక్టోబరు పంతొమ్మిది. ఆటోలు కూడా బంద్. తల్లీ బిడ్డా నడిచే వచ్చారు. బల్ల తల వైపు మెర్సీ, గుమ్మం బయట సాయమ్మ. స్రవంతి కళ్లు మూసుకుంది. ఒక చరణం పొడుగు ఊపిరి. ఇంకొకటి. మూడోది సగంలో ఉండగా కళ్లు తెరిచి, "ఇప్పుడు చూడండి మేడం" అంది. మధ్యలో ఒకసారి చెయ్యి ఎత్తింది. డాక్టరమ్మ ఆగింది. స్రవంతి ఊపిరి వదిలి, చెయ్యి దించింది.

ఉన్నది ఉసిరికాయంత కూడా లేని నీటి బుడగ. మందులతో పోయేదే.

స్రవంతి బయటికి రాగానే సాయమ్మ అడిగింది: "పట్టుకున్నరా బిడ్డా?"

"ఎవ్వలు పట్టుకోలే. నేనే పిలిచిన."

సాయమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి, నీలం కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే గుంజిపట్టుమన్న..." అంటూ ఏడ్చింది. స్రవంతి పక్కన కూర్చుని, "ఊపిరి వదులే అమ్మా, ఆపకు" అని వీపు రాసింది.

ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి, నవంబరు నాటికి నిజాంపేట హాస్టళ్ల నుంచి నలుగురు అమ్మాయిలు వచ్చారు. ఇద్దరికి మెర్సీ దగ్గర జవాబు ఉంది, ఇద్దరికి లేదు. మళ్లీ ఊహించి చెప్పి ఇంకొక పిల్ల నొప్పి పెంచలేనంది. డాక్టరమ్మ ఉత్తరం రాసి చెన్నైలో మూడు నెలల శిక్షణకు సీటు ఇప్పించింది.

"ఈస్టరుకైనా రావా?" అని సారమ్మ సణిగింది. రానంది మెర్సీ. ఏడు స్టీలు గ్లాసుల్లో ఒకటి పెట్టెలో సర్దుకుని జనవరిలో రైలెక్కింది.

ఆమె గది తలుపు మీద స్రవంతి గుండ్రటి అక్షరాలతో కాగితం అంటించింది. అక్షరాల కింద ఆ నలుగురు అమ్మాయిలు తమ పేర్లు రాయలేదు గానీ, నాలుగు తంగేడు పూలు గీశారు. కాగితం మీద ఉన్నది ఇంతే: "మెర్సీ మేడం వచ్చేది 2012 ఏప్రిల్ 16, సోమవారం."