ముందే రాసిన పేరు

మైదా జిగురు ఉడికే వాసన వస్తే నాకు రూతమ్మ టీచరుగారు గుర్తొస్తారు. మొన్న ఆదివారం అమలాపురంలో మా వంటింట్లో ఆ జిగురే కలుపుతున్నాను. నాకిప్పుడు ఏడో నెల. మా అత్తగారు వెనగ్గా వచ్చి, "ఏం కాస్తున్నావమ్మాయ్?" అని అడిగారు. "పుట్టబోయే బిడ్డ పుస్తకాలు అతకడానికండీ" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

బిడ్డ పుట్టకముందే కొత్త వస్తువులు కొనకూడదని మా ఇళ్ళలో పట్టింపు. రెండేళ్ళ క్రితం నేను దాన్ని ఖాతరు చేయలేదు. మూడో నెలలోనే రంగురంగుల బొమ్మల పుస్తకాలు కొని అలమారలో పేర్చుకున్నాను. నాలుగో నెలలో ఆ బిడ్డ మాకు దక్కలేదు. అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. అనుకున్నదంతా నన్ను నేనే. చదువుకున్నదాన్నే, కొనడం వల్ల కాదని తెలుసు. అయినా ఈసారి ఉయ్యాల మాట కూడా ఎత్తలేదు.

మా పుట్టింటి ఊరు మలికిపురంలో టీచరుగారిది మా పక్కిల్లు. రిటైరయ్యాక రోజూ సాయంత్రం పిల్లలందరినీ అరుగు మీద పోగేసి కథలు చదివించేవారు. ఎక్కడ చిరిగిన పుస్తకం కనపడినా తెచ్చుకుని, జిగురు కాచి, తన పాత చీరల పేలికలతో ఊడిన అట్టల వీపు అతికేవారు. ఆవిడ మంచి చీరల్లో సగం నేను పుస్తకాల మీదే చూశాను. "మనకి కొత్తవి ఉండవాండీ?" అని ఓసారి మూతి ముడిచాను. "పురిటిబిడ్డకి పాత గుడ్డే ఎందుకేస్తారే? కట్టి కట్టి మెత్తబడి ఉంటుంది గనక. పుస్తకమూ అంతే" అన్నారు.

ఒక పుస్తకం చదవడం పూర్తయ్యాకే దాని వెనక అట్ట లోపల మన పేరు రాసుకోవాలి. అది ఆవిడ పెట్టిన నియమం. తాబేలు కథ పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నాయి, నాది లేదు. ఎనిమిదేళ్ళ దాన్ని, ఉండబట్టలేక చదవకుండానే రాసేశాను. టీచరుగారు చూసి, "తాబేలు చివరికి ఎక్కడ తేలిందే?" అన్నారు. గబగబా రబ్బరు తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"తుడవకు. ముందే రాసేసేవు కదా, తప్పేం లేదు. ఇక చదవాలి మరి."

"ఆయ్" అన్నాను. చివరి పేజీ దాకా నా పక్కనే కూర్చున్నారు.

పోయిన వానాకాలంలో ఆవిడ చనిపోయారు. ఆ పుస్తకాలన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి వాళ్ళమ్మాయి నాకు పంపింది. ఇన్నాళ్ళూ దాన్ని విప్పడానికి ధైర్యం చాలలేదు. మొన్న విప్పాను.

"కొత్తవి కావండీ, అన్నీ పాతవే" అని అత్తగారికి తాబేలు పుస్తకం ఇచ్చాను. ఆవిడ వెనక అట్ట తిప్పి, పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశారు.

"ఇంతమంది చదివేరా?"

"ఆయ్, చదివేరండీ."

"అందరూ బాగున్నారా?"

"బాగున్నారండీ" అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి, పొత్తిళ్ళ కోసం దాచిన తన పాత నేతచీర తెచ్చారు. అంచు పట్టుకుని ఒక పేలిక చింపి నా చేతికిచ్చారు.

"దీంతో అతుకు. మిగతాది బిడ్డకి సరిపోద్ది."

జిగురు ఆరాక పెన్సిల్ తీసుకున్నాను. ఆ అట్ట మీద వంకరటింకరగా ఉన్న నా పేరు కింద, పుట్టకముందు పేరు పెట్టరు కనుక, 'మా బిడ్డ' అని రాశాను. భయం పోలేదు, పోతుందని కూడా అనుకోను. కానీ రబ్బరు కోసం వెతకలేదు. మొదటి పేజీ తీసి, కడుపు మీద చెయ్యి వేసుకుని, పైకే చదవడం మొదలుపెట్టాను. అత్తగారు గుమ్మంలో చతికిలబడి, "కాస్త గట్టిగా చదువమ్మాయ్" అన్నారు.

ముందే రాసేశాను కదా టీచరుగారూ, ఇక చదవాలి మరి.